మీగడ రంగు గోడ

"చూపొచ్చాక మొట్టమొదట ఏం చూడాలనుకుంటున్నారు బాబాయ్?" అని అడిగింది క్లినిక్ అమ్మాయి, ఫోను మీద వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని.

ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, పక్కనే కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతున్నాను. నా మొహం అంటాడని, కనీసం మొహమాటానికైనా అంటాడని సూది ఆపి చూశాను. మా ఆయన ఒక్క క్షణం ఆలోచించను కూడా లేదు.

"మా గోడ," అన్నాడు. "ఇదిగో, నా వెనకాల ఉన్నదే. మీగడ రంగు. మా ఆవిడ కోసం నేనే కలిపి వేశాను. అప్పటికే కళ్ళు మసకేస్తున్నాయి, తనివితీరా చూసుకోలేదు. అది చూడాలి."

ఆ అమ్మాయి తలెత్తి గోడని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.

ఎందుకంటే ఆ గోడ నీలం. తెల్లబట్టలకి నీలిమందు ఓ చుక్క ఎక్కువ పడితే ఎలా ఉంటుందో అలాంటి లేత నీలం. ఎనిమిదేళ్ళుగా అది నీలంగానే ఉంది. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ తెలుసు, వేసిన మనిషికి తప్ప.

ఆ అమ్మాయికి నోరు లేకపోలేదు గానీ బుద్ధి కూడా ఉంది. "ఫొటో గుమ్మం దగ్గర తీద్దాం బాబాయ్, అక్కడ వెలుతురు బాగుంది," అంటూ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. ఆమె పని అదే. క్లినిక్‌లో ఆపరేషన్ కావలసినవాళ్ళు బారులు తీరి ఉన్నారు, అందరికీ చేయడానికి క్లినిక్ దగ్గర డబ్బు లేదు. అందుకని ఒక్కొక్కరి ఫొటో తీసి, వాళ్ళ కథ నాలుగు ముక్కలు రాసి నెట్‌లో పెడుతుంది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు, మన ముక్కూ మొహం ఎరగనివాళ్ళు, అది చదివి తోచినంత వేస్తారు. సరిపడా చేరగానే వీళ్ళ వంతు వస్తుంది. మా ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. మంచం ఎక్కడుందో తెలుస్తుంది గానీ మంచం మీద ఎవరున్నారో తెలియదు. ఈ వంతు రాకపోతే ఇంక అంతేనని డాక్టరు చెప్పాడు.

కాబట్టి ఆ వంతు రావాలి. వస్తే ఆయన ఆ గోడని చూస్తాడు. ఈ రెండిటి మధ్యా నేను ఇరుక్కుపోయాను.

గోడ సంగతి చెప్పాలంటే మా రేకు పెట్టె దగ్గర మొదలుపెట్టాలి. అది మా అమ్మ సూదులూ దారాలూ దాచుకున్న పెట్టె. మూత మీద మీగడ రంగు. పాల మీద కట్టిన మీగడని వేలితో పక్కకి జరిపితే ముడత పడుతుందే, ఆ ముడతలో కనిపించే రంగు. ఓ మూల రంగు లేచిపోయిందని, అలాంటిదే చిన్న డబ్బా ఇమ్మని పట్టుకుని రంగుల షాపుకెళ్ళాను. అప్పుడు నాకు ఇరవై ఆరు. షాపులో రంగులు కలిపే మనిషిని అందరూ కంటికొలత అని పిలిచేవాళ్ళు. గిన్నె కొలత, చెంచా కొలత ఏమీ లేవు. కంటితో చూసి, బకెట్‌లో చుక్కలు వేసి, కర్రతో తిప్పి ఇచ్చేవాడు. ఎవరూ మారుమాట్లాడేవాళ్ళు కాదు.

ఆయన మూత చూశాడు, కలిపాడు, ఓ చెక్కముక్క మీద పూసి చూపించాడు. "అదేనా?"

"కాదు," అన్నాను.

షాపులో వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆయన మళ్ళీ కలిపాడు. నేను మళ్ళీ కాదన్నాను. మూడోసారి కూడా కాదన్నాను, ఈసారి కొంచెం భయంగా. నాలుగోసారి ఆ చెక్కముక్కని మూత పక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు. అప్పుడు అదే అన్నాను. ఆయన నవ్వి, "పదేళ్ళుగా కలుపుతున్నాను, ఒక్కళ్ళు కూడా కాదనలేదు. కళ్ళున్న మనిషి ఇన్నాళ్ళకి వచ్చింది," అన్నాడు. ఆ డబ్బాకి డబ్బు తీసుకోలేదు. వారం తిరక్కుండా మా ఇంటికి సంబంధం మాట్లాడ్డానికి మనిషిని పంపాడు.

ఎనిమిదేళ్ళ కింద ఈ గదికి మారాం. ఒకే గది, వంటకి ఓ మూల, ఎండ పడే పెద్ద కిటికీ. ఓ రోజు కుట్టిన చొక్కాలు టైలరుకి అప్పజెప్పి సాయంత్రం ఇంటికొచ్చేసరికి కిటికీకి ఎదురుగా ఉన్న గోడంతా తడితడిగా మెరుస్తోంది. ఆయన మోచేతుల దాకా రంగుతో నిలబడి ఉన్నాడు. "నీ పెట్టె రంగు. పెట్టె వంక చూడకుండా కలిపాను, గుర్తు మీదే," అన్నాడు. "అదేనా?"

గోడ నీలంగా ఉంది.

ఆ రోజు పొద్దున్నే షాపు ఓనరు ఆయనతో ఓ మాట చెప్పాడు. రంగులు కలిపే మిషను వస్తోందట. నమూనా ముక్క లోపల పెడితే నాలుగు నిమిషాల్లో అదే కలిపేస్తుందట. ఇకనుంచి బల్లలకీ తలుపులకీ బ్రష్షు పట్టుకుంటే చాలన్నాడట. ఈ సంగతి నాకు దారిలోనే తెలిసింది. ఇంటికొస్తే ఈయన ఇలా నిలబడి ఉన్నాడు, చిన్నపిల్లాడు పలక చూపించినట్టు గోడ చూపిస్తూ. నోట్లోంచి కాదు అన్న మాట రాలేదు. "అదే," అన్నాను. "అచ్చం అదే."

ఒకసారి అన్నాక అది అక్కడితో ఆగలేదు. ఏటా ఏదో ఒక రోజు ఆయన గోడ మీద చెయ్యి వేసి, రంగు వెలిసిందా అని అడిగేవాడు. లేదు, మీగడలాగే ఉంది అనేదాన్ని. చూపు తగ్గుతున్నకొద్దీ ఎక్కువసార్లు అడిగాడు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ వచ్చి ఆ గోడ మీద పడినప్పుడు, మంచం మీద పడుకుని, "పాలగిన్నెలో పడుకున్నట్టుందే," అనేవాడు. ఆ ఎండలోనే నాకు గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. నా చేతులు నీలం, తెల్ల చొక్కాలు నీలం, దారం నీలం. సూది మెల్లగా ఈదుతున్నట్టుండేది. ఒకే మంచం మీద ఆయన పాలలోనూ నేను నీళ్ళలోనూ ఎనిమిదేళ్ళు ఉన్నాం. నేనేమీ కష్టపడలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆ మధ్యాహ్నాలు నాకు బాగుండేవి.

మా ఆయన పేజీకి జనం ఎగబడ్డారు. మిగతావాళ్ళంతా మనవల మొహం చూడాలనీ, పొలం చూడాలనీ చెప్పారట. భార్య కోసం వేసిన గోడ చూడాలన్న మనిషి ఈయన ఒక్కడేనట. క్లినిక్ అమ్మాయి రెండు రోజులకోసారి వచ్చి, వాళ్ళు రాసిన మాటలు మన భాషలో చదివి వినిపించేది. చలి దేశంలో బస్సు నడిపే ఆయన ఒకడు, తెల్లవారుజామున మంచులో బస్సు తీస్తాననీ, కళ్ళ ముందు ఏమీ కనిపించకపోవడమంటే తనకి తెలుసనీ రాశాడు. ఒక పంతులమ్మ తన క్లాసు పిల్లలంతా కలిసి పంపారని చెప్పింది. మీగడ రంగంటే ఏదో తేలక పిల్లలు కొట్టుకున్నారట, తలా ఒక మీగడ రంగు వేశారట. ఒక ముసలావిడ, మా అమ్మ వంటగది అదే రంగు అని మాత్రం రాసింది.

చివర్న అందరిదీ ఒకటే మాట. ఆ గోడ ఫొటో పెట్టండి.

మా ఆయన ప్రతి మాటా రెండుసార్లు చదివించుకునేవాడు. తల ఓ పక్కకి వంచి వినేవాడు. "ఆ బస్సాయన ముదురాకుపచ్చ మనిషి," అనేవాడు. "ఆ పెద్దావిడ ఇటుక రంగు, నీళ్ళు పట్టిన ఇటుక." మనుషులు ఎలా ఉంటారో తెలియకపోయినా వాళ్ళకి రంగులు చూసిపెట్టేశాడు. మరి నేనేం రంగు అని అడిగితే, అది గోడకి వేశానుగా అన్నాడు. నేను బియ్యం కడగాలని లేచాను.

నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. ఆ రోజుల్లో మధ్యాహ్నం కాజాలు కుడుతూ కునుకు తీస్తే వాళ్ళంతా వచ్చేవాళ్ళు. తలుపు తీసుకుని ఒక్కొక్కళ్ళే లోపలికొచ్చేవాళ్ళు. బస్సాయన టోపీ చేతిలో పట్టుకుని, భుజాల మీద మంచు దులుపుకోకుండా నిలబడేవాడు. పంతులమ్మ వెనక పిల్లలు ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు. ముసలావిడకి మంచం మీద చోటిచ్చేదాన్ని. గదిలో అంతమంది పట్టరు, అయినా పట్టేవాళ్ళు. వాళ్ళ మొహాల మీద నీలం వెలుతురు కదులుతుండేది. అందరూ గోడని చూసేవాళ్ళు. చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నా వైపు తిరిగేవాళ్ళు. ఆ తిరగడం దగ్గర మెలకువ వచ్చేది. ఒళ్ళో చొక్కా, వేలిలో సూది గుచ్చుకుని ఉండేది.

తొమ్మిదో రోజుకే మా వంతు వచ్చేసింది. క్లినిక్ వ్యానులో పన్నెండు మందిని తీసుకెళ్ళి, ఒక కంటికి ఆపరేషను చేసి, మూడో రోజు తీసుకొస్తారు. రెండో కన్ను నెల తర్వాత. తోడు వచ్చేవాళ్ళకి వ్యానులో చోటు లేదు. ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. మొగుడు ఆపరేషనుకి వెళ్తుంటే తోడు వెళ్ళే చోటు లేదని సంతోషించిన ఆడది ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

వ్యాను మలుపు తిరగ్గానే రేకు పెట్టె చంకన పెట్టుకుని రంగుల షాపుకి వెళ్ళాను. ఓనరు నన్ను చూసి మూత చూశాడు, విషయం అర్థమైపోయింది.

"చెప్పేస్తే పోలా వదినా," అన్నాడు.

"నువ్వు చెప్పావా?"

అతను తల గోక్కున్నాడు. "మిషను రాకముందు రెండేళ్ళ నుంచే మేస్త్రీ కలిపిన తెలుపంతా నీలం తిరుగుతూ వచ్చింది. జనం షాపుకొచ్చి, చల్లగా ఉంది, మళ్ళీ అలాంటిదే ఇవ్వమన్నారు. నేనెందుకు చెప్తాను? మీ వీధిలో సగం ఇళ్ళు అలాగే అయ్యాయి." తర్వాత నెమ్మదిగా, "ఆయన్ని బాధపెట్టాలనిపించలేదు వదినా. మిషను తెచ్చినవాణ్ణి నేనే కదా," అన్నాడు.

మూతని మిషనులో పెట్టాడు. నాలుగు నిమిషాలు కాలేదు, మీగడ రంగు బకెట్ నిండా వచ్చింది. మచ్చుకి కూడా తేడా లేదు. ఆ మిషను మీద నాకు ఒళ్ళు మండింది.

రెండు రోజులు గోడకి రంగు వేశాను. ముప్పై ఏళ్ళు రంగులాయనతో ఉన్నా బ్రష్షు పట్టింది అదే మొదలు. భుజాలు లాగేశాయి, జుట్టంతా చుక్కలు. మొదటి కోటులోంచి నీలం పైకి కనిపిస్తూనే ఉంది, వదిలి వెళ్ళనన్నట్టు. రెండో కోటుతో పోయింది. చెక్క బీరువా జరపడం నా వల్ల కాలేదు, దాని వెనక వదిలేశాను. కిటికీ తెరిచి, బ్రష్షు కడిగి, మంచం మీద కూర్చుని చూశాను. అచ్చం అదే రంగు. ఈసారి నిజంగానే అదే. కానీ మధ్యాహ్నం ఎండ వచ్చి పడితే గది నీళ్ళలో మునగలేదు. మామూలు గదిలా, ఎవరిదో అద్దె గదిలా ఉంది. నా చేతులు మామూలు చేతుల్లా, కాస్త ముసలిగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదాని గట్టిగానే ఏడ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చింది. ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకోకుండా, తడుముకోకుండా నడుచుకుంటూ లోపలికొచ్చాడు. నా ఎదురుగా ఆగి, అద్దాలు కాస్త పైకెత్తి చూశాడు.

"జుట్టు తెల్లబడింది," అన్నాడు.

"నీది బట్టతల అయింది," అన్నాను.

నవ్వాడు. చెంప మీద చెయ్యి వేసి, చెవి వెనక ఎండిన రంగు చుక్కని గోటితో గీకాడు. దాన్ని చూసుకున్నాడు. స్టూలు లాక్కుని గోడకి ఎదురుగా కూర్చున్నాడు.

ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను, మరిగి ఇగిరిపోయాయి. చివరికి, "అచ్చం అదే," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత లేచి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి కిందికి లాగాడు.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు. "నేను బ్రష్షు పైకి లాగి ఆపుతాను. ఇక్కడ నాలుగు దిక్కులా పోయింది. కొత్తగా బ్రష్షు పట్టిన మనిషి వేసింది."

నేను చెవి వెనక తడుముకున్నాను.

"వ్యానులోంచి చూసుకుంటూ వచ్చాను. మూలింటి తెలుపు, బడి ప్రహరీ, మేడింటివాళ్ళ వరండా. అన్నీ నేను కలిపినవే, అన్నీ నీలం. కళ్ళలో టీ మరక పట్టిన గ్లాసులాంటిది ఉండేదని డాక్టరు చెప్పాడు. లోకమంతా పసుపుపచ్చగా కనిపిస్తుంటే, ఆ పచ్చ చంపడానికి నేను నీలం వేసుకుంటూ పోయానన్నమాట." గోడ మీంచి చెయ్యి తీశాడు. "మన గోడ కూడానా?"

"అవును."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచి."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది, నేనూ రెండు మాటలనేదాన్ని. ఆయన స్టూలు మీద కూలబడి, "అందరూ అదే అంటారు. నువ్వు కాదనేదానివి కదే," అన్నాడు.

నిన్ను చూసి జాలిపడ్డానని చెప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పని అప్పుడే తెలిసింది.

తర్వాత పది రోజులు ఇద్దరం కావలసిన మాటలే మాట్లాడుకున్నాం. మందు చుక్కలు నేనే వేశాను. తల వెనక్కి వాల్చి కూర్చునేవాడు, కొత్త కన్ను నిగనిగలాడుతూ పైకి, నా వైపే చూసేది. ఎన్నేళ్ళుగానో ఆ చూపు నా మీద పడలేదు. పడ్డాక నేను తల తిప్పుకోవలసి వచ్చింది. చుక్క వేసి, కళ్ళు మూసుకో అనేదాన్ని. పగలంతా అరుగు మీద కూర్చుని వీధిలో ఇళ్ళని చూసేవాడు. వచ్చేపోయేవాళ్ళు, చూపొచ్చిందా మేస్త్రీ అని పలకరిస్తే, వచ్చింది, మీ ఇంటికి రంగు పాడుచేశాను అనేవాడు. వాళ్ళు బిత్తరపోయి, లేదు లేదు, బాగుందిగా అనేవాళ్ళు. ఆయన మొహం ఇంకా మాడిపోయేది.

పదకొండో రోజున గోడ ఫొటో తీయడానికి క్లినిక్ అమ్మాయి వస్తానంది. ఎక్కడెక్కడో జనం ఎదురుచూస్తున్నారట. ఆ రోజు పొద్దున్న అన్నం తింటూ తింటూ ఆయన బీరువా వైపు చూశాడు.

"ఒక్కదానివే వేశావా?"

"ఒక్కదాన్నే."

"అయితే అది జరిపి ఉండవు."

నేను జవాబు చెప్పేలోపే లేచి బీరువా పట్టుకున్నాడు. బరువు ఎత్తొద్దన్నారు, కన్ను పోగొట్టుకుంటావా అని నేను చెయ్యి పట్టి లాగాను. అంత గట్టిగా నేను మాట్లాడి పది రోజులైంది. ఇద్దరం ఆగిపోయాం. తర్వాత నేను బట్టలన్నీ తీసి మంచం మీద పోసి, ఖాళీ బీరువాని అంగుళం అంగుళం పక్కకి జరిపాను. ఆయన స్టూలు మీద కూర్చుని, ఎడమ కాలు ముందు, ఇప్పుడు కుడికాలు అని చెప్పాడు.

బీరువా వెనక గోడ నిలువునా నీలంగా ఉంది. ఇన్ని రోజుల తర్వాత దాన్ని చూసి నాకు సొంత మనిషి కనిపించినట్టయింది.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, కొత్త కన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపరేషను కాని కన్నుతో చూశాడు. బాగా దగ్గరికి జరిగి, ముక్కు గోడకి తగిలేటంత దగ్గర నుంచి. చెయ్యి రెండో కంటి మీదికి మార్చాడు. మళ్ళీ ఈ కంటి మీదికి. నాకు భయం వేసింది.

"ఏమైంది?"

పాత కంటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఇలా చూస్తే నీలం," అన్నాడు. చెయ్యి మార్చాడు. "ఇలా చూస్తే మీగడ. నీ పెట్టె రంగే. చుక్క తేడా లేదు." నా వైపు తిరిగాడు. "నేను తప్పు కలపలేదే. నేను నీకు వేసింది మీగడ రంగే."

నేను వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. నాకు నీలమే కనిపిస్తోంది. ఆ పాత కంట్లో ఉన్నది నేను ఎప్పటికీ చూడలేను. నెల తిరిగితే ఆయన కూడా చూడలేడు.

"ఆ నీలంలో ఎనిమిదేళ్ళు పడుకున్నావా?" అని అడిగాడు.

"పడుకున్నాను."

"ఎలా ఉండేది?"

అప్పుడు చెప్పాను. నీళ్ళ గురించి, సూది ఈదడం గురించి, నీలం చేతుల గురించి. మీగడ రంగు వేశాక ఏడ్చానని కూడా చెప్పాను. ఇవేవీ ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే అబద్ధం బయటపడుతుందని. ఆయన వింటూ కూర్చున్నాడు, బస్సాయన మాటలు విన్నట్టు, తల ఓ పక్కకి వంచి.

"నీకు ఏది కావాలి?" అన్నాడు.

"నీలమే కావాలి."

క్లినిక్ అమ్మాయి వచ్చేసరికి షాపు ఓనరు తెచ్చిన తెలుపు బకెట్, రంగు సీసాలు నేల మీద పరిచి ఉన్నాయి. మిషనులో పెట్టి తెస్తాను, గోడ పెచ్చు ఒకటి ఇవ్వమన్నాడు ఓనరు. మా ఆయన వాణ్ణి బయటికి పొమ్మన్నాడు. ముప్పై ఏళ్ళలో నేను ఆయన్ని చూసింది తన కంటి గుర్తు మీద కలపడమే. ఇప్పుడు చూపు మసకేసిన రోజుల్లో వేసిన చుక్కల లెక్కని చూపున్న కంటితో పట్టుకోవాలి. స్టూలు మీద కూర్చుని కర్రతో తిప్పాడు. వంగకూడదు కాబట్టి బ్రష్షు నాది. బీరువా వెనక నీలం పక్కనే, నేను వేసిన మీగడ మీద, అరచెయ్యంత మేర పూశాను.

"అదేనా?" అన్నాడు.

చాలా దగ్గరగా ఉంది. చూసేవాళ్ళెవరూ కనిపెట్టలేరు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెండు కళ్ళూ నా మీద నిలిపి కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరికొచ్చేసింది.

"కాదు," అన్నాను.

ఆయన తలూపి మళ్ళీ కలిపాడు. దాని కింద ఇంకో అరచెయ్యి పూశాను. కాదు. మరొకటి. కాదు, ఆకుపచ్చ కొడుతోంది అన్నాను. ఏ పక్కన అని అడిగాడు, అంచున అన్నాను. నాలుగోసారి కాదన్నప్పుడు ఆయన పెదవి వంకర తిరగడం చూశాను. అయిదోసారికి నవ్వు ఆపుకోలేకపోయాడు. క్లినిక్ అమ్మాయి గుమ్మంలో కూర్చుని ఒకటికి రెండుసార్లు ఫోను తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది. "పిన్నీ, ఇదే కదా, నాకు తేడా తెలియడం లేదు," అంది. "నీకు తెలియదులే అమ్మా," అన్నాడు మా ఆయన. ఆ అనడంలో ఎంత గర్వముందో.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి జారి గోడ మీదికొచ్చింది. మీగడ మీద చిన్నా పెద్దా నీలాలు ఒకదాని కింద ఒకటి, ఎనిమిదో తొమ్మిదో. ఇంతలో నాకు ఆ వచ్చేవాళ్ళంతా గుర్తొచ్చారు. బస్సాయన, పంతులమ్మ, పిల్లలు, మంచం మీద ముసలావిడ. ఈసారి వాళ్ళు నా వైపు తిరగలేదు. మాతోపాటు గోడనే చూస్తూ కూర్చున్నట్టనిపించింది.

"వాళ్ళకేం రాయమంటారు బాబాయ్?" అంది క్లినిక్ అమ్మాయి.

"ఉన్నది రాయమ్మా. నేను మీగడ వేశాను, మా ఆవిడ నీలంలో ఉంది. రెండూ నిజమేనని రాయి." కర్ర బకెట్‌లో తిప్పి, అంచుకేసి తుడిచి నాకు ఇచ్చాడు.

నేను పూశాను. ఇద్దరం ఆరేదాకా ఆగాం. తడి పోయాక, కొత్త నీలానికీ పాత నీలానికీ మధ్య గీత ఎక్కడుందో వెతికాను. దగ్గరికెళ్ళి చూశాను, కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. నా చేతి మీద ఆ వెలుతురు పడింది. నీళ్ళు వచ్చేశాయి, గదిలోకి కూడా, నా కళ్ళలోకి కూడా.

"అదేనా?" అన్నాడు.

"అదే," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు, నిజమేనా అన్నట్టు. తర్వాత కొత్త కన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నెలరోజుల్లో పోబోయే ఆ పాత కంటితో గోడని చూశాడు. చూస్తూ చూస్తూ, "మీగడే," అన్నాడు.